“చెప్పకుండా కారు తీసుకెళ్లానని రాసివ్వు” అంటున్నారు, రాసివ్వాలా?

ప్రశ్న: సార్, మాది తెనాలి దగ్గర ఊరు. మా తమ్ముడికి 25 ఏళ్లు. టౌన్లో మోటార్లు, పైపులు అమ్మే కొట్లో గుమస్తా, నెలకి 14 వేలు. కొట్లో మొత్తం ఆరుగురు పనిచేస్తారు. 2025 అక్టోబరులో ఒక సాయంత్రం ఓనరు గారు తన కారు తాళాలిచ్చి, బస్టాండులో కార్గోకి వచ్చిన పార్సిల్ తెమ్మన్నారు. పార్సిల్ తీసుకుని బయల్దేరాక ఓనరు గారి భార్య ఫోన్ చేసి, వస్తూ వస్తూ పాపని ట్యూషన్ నుంచి తీసుకురమ్మన్నారు. ట్యూషన్ సందు మలుపులో మావాడు ఎదురుగా వస్తున్న మోటార్ సైకిల్‌ని గుద్దాడు. ఆ బండి మీదున్న తాపీ మేస్త్రి గారికి కాలు విరిగితే రాడ్ వేశారు. మావాడికి కుడి మణికట్టు విరిగింది. వాడికి కారు లైసెన్సు ఉంది, తాగి లేడు. పోలీసు కేసు వాడి మీదే పెట్టారు. ఇప్పుడు ఓనరు గారేమో “పార్సిల్ నా పని, ట్యూషన్ నేను చెప్పలేదు, నాకు చెప్పకుండా కారు తీసుకెళ్లానని రాసి సంతకం పెట్టు, కారు రిపేరు 60 వేలు నీ జీతంలో పట్టుకుంటా” అంటున్నారు. పెట్టకపోతే ఉద్యోగం పోతుందని అమ్మ ఏడుస్తోంది. ఏం చేయాలి?

సమాధానం: అమ్మా, ముందు ఆ కాగితం సంగతి. మీ తమ్ముడు దాని మీద సంతకం పెట్టకూడదు. టైపు చేసి తెచ్చినా, ఖాళీ కాగితం ఇచ్చినా, “ఊరికే ఫైల్లో ఉంచుకోవడానికిరా, నిన్నేం చేయను” అన్నా పెట్టకూడదు. “మా అక్క ఒక లాయరు గారిని అడుగుతోంది, ఆయన చూశాక చెప్తాను” అనమనండి, అంతే. గొడవ పెట్టుకోవద్దు, కేకలేయొద్దు. ఒకవేళ మీరు నాకు ఉత్తరం రాశాక, ఈలోపే భయపడి పెట్టేసి ఉంటే, ఆ రోజే తన చేతిరాతతో ఒక ఉత్తరం రాయించి, ఉద్యోగం తీసేస్తామంటే భయపడి పెట్టాను, జరిగింది మాత్రం ఇదీ అని ఓనరుకి స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదు దాచండి. ఆలస్యమైన కొద్దీ ఆ మాటకి విలువ తగ్గిపోతుంది.

ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో ఒక మిల్లు గుమస్తా కేసు చూశాను. ఆ కుర్రాడూ ఇలాగే ఓనరు జీపులో బ్యాంకుకి వెళ్తూ ఒక ముసలాయన్ని గుద్దాడు. మర్నాడు మిల్లులో కూర్చోబెట్టి, టీ ఇప్పించి, నాలుగు లైన్లు రాయించుకున్నారు. రెండేళ్ల తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్లో ఆ కాగితం బయటికి తీసి “ఈ సంతకం నీదేనా?” అని అడిగితే ఆ కుర్రాడు అవునన్నాడు, కాదని ఎలా అంటాడు, సంతకం వాడిదే. ఆ ఒక్క అవును దగ్గర వాడి తరఫున మేం చెప్పిందంతా నీరుగారిపోయింది. ఆ ముసలాయన భార్య కోర్టు వరండాలో నిలబడి “మరి ఎవరిస్తారు బాబూ?” అని నన్నే అడిగింది. అందుకే ఇలాంటి ఉత్తరం వస్తే నేను మొదట కాగితం గురించే మాట్లాడతాను.

ఇప్పుడు చట్టం సంగతి. స్టీరింగ్ ఎవరి చేతిలో ఉంది, ఎంత స్పీడులో ఉంది అన్నది పోలీసు కేసులో చూస్తారు. దెబ్బ తగిలిన మనిషికి డబ్బు ఎవరివ్వాలన్న విషయం తేల్చే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో దానికి తోడు ఇంకో ప్రశ్న వస్తుంది, ఆ టైములో బండి ఎవరి పని మీద తిరుగుతోంది అని. పనివాడు యజమాని పని చేస్తూ చేసిన పొరపాటుకి యజమాని కూడా జవాబు చెప్పాలి. ఈ సూత్రం చాలా పాతది. ఇంగ్లండులో 1834లోనే ఒక జడ్జి దీన్ని చాలా తేటగా చెప్పాడు. పనివాడు యజమాని పని మీద వెళ్తూ కాస్త దారి మళ్లినా యజమాని బాధ్యుడే, అదే యజమాని పనితో ఏ సంబంధమూ లేకుండా తన సొంత షికారుకి పోతే మాత్రం కాదు అని. మన కోర్టుల్లో ఇప్పటికీ వాదన ఈ గీత చుట్టూనే తిరుగుతుంది, దారి మళ్లాడా, షికారుకి పోయాడా అని.

మన సుప్రీంకోర్టు తీర్పులు రెండు చెప్తాను, గీత ఎక్కడుందో మీకు తెలుస్తుంది. 1966లో ఒక కేసు వచ్చింది. అహ్మదాబాదులో ఒకాయన తన కారుని టాక్సీగా తిప్పమని ఒకడికి అప్పగించాడు. వాడేమో దాన్ని క్లీనరు చేతికిచ్చాడు, ఆ క్లీనరు డ్రైవింగు టెస్టు కోసం కారు నడుపుతూ ఒకరిని గుద్దాడు. క్లీనరు లైసెన్సు తెచ్చుకోవడం ఓనరు పని కాదు, ఓనరు చెప్పిందీ కాదు, అందుకని ఓనరు బాధ్యుడు కాడన్నారు. అక్కడా జడ్జీలందరూ ఒక్క మాట మీద లేరు, మెజారిటీ తీర్పు అది. 1977లో ఇంకోటి. ఒక జిన్నింగు కంపెనీ మేనేజరు కంపెనీ కారులో కంపెనీ పని మీద నాగపూర్ నుంచి పాంధుర్ణా వెళ్తూ, తెలిసినాయన్ని కూడా ఎక్కించుకున్నాడు. కారు చెట్టుకి కొట్టుకుని ఆ ఎక్కినాయన చనిపోయాడు. “లిఫ్టు ఇవ్వమని మేం చెప్పలేదు కదా, అది మా పని కాదు కదా” అని కంపెనీ వాదించింది. కారు కంపెనీ పని మీదే పోతోంది, నడిపింది కంపెనీ మనిషే, మధ్యలో ఒకరిని ఎక్కించుకున్నంత మాత్రాన అది కంపెనీ ప్రయాణం కాకుండా పోదు అని సుప్రీంకోర్టు ఆ చనిపోయినాయన కుటుంబం వైపే తీర్పిచ్చింది.

మీ తమ్ముడి సంగతి ఈ రెండో దానికి దగ్గర. ఇంకా చెప్పాలంటే దానికన్నా బలంగా ఉంది. తాళాలు ఓనరు చేతి నుంచి వచ్చాయి. పార్సిల్ కొట్టుది, ప్రమాదం జరిగినప్పుడు అది ఇంకా కారులోనే ఉంది. దారి మళ్లింది తన సినిమాకో స్నేహితుడి ఇంటికో కాదు, ఓనరు కూతుర్ని తేవడానికి, అదీ ఓనరు భార్య ఫోన్ చేసి చెప్తే. “ట్యూషన్ కొట్టు పని కాదు” అని ఓనరు అంటున్న మాట అక్షరాలా నిజమే కావచ్చు, కానీ మేస్త్రి గారి పరిహారం విషయంలో అది పెద్దగా పనికిరాదు. ఎందుకంటే అక్కడ చూసేది కొట్టు పనా ఇంటి పనా అని కాదు, బండి యజమాని కోసం, ఆయన ఒప్పుకోలుతో తిరుగుతోందా అని. 1953 నాటి ఇంగ్లండు కేసు ఒకటి ఉంది. ఒకాయన తన కారుని మాంటెకార్లో దాకా నడిపి తెచ్చిపెట్టమని స్నేహితుడికి ఇచ్చాడు, జీతం లేదు, ఉద్యోగం లేదు, స్నేహితుడికీ కొంత తన సరదా ఉంది. అయినా ఆ ప్రయాణంలో కొంత భాగం ఓనరు కోసం జరుగుతోంది కాబట్టి ఓనరే బాధ్యుడన్నారు. మన దగ్గర ఓనర్లకి కొట్లో కుర్రాడంటే ఇంటి కుర్రాడే, గ్యాసు బండకీ వాడే, కరెంటు బిల్లుకీ వాడే, పాప ట్యూషన్‌కీ వాడే. పని చెప్పేటప్పుడు లేని తేడా ప్రమాదం జరిగాక మాత్రం ఎక్కడి నుంచి వచ్చింది?

ఒక మాట మాత్రం దాచకుండా చెప్పాలి. ఓనరు బాధ్యుడైనంత మాత్రాన మీ తమ్ముడు బాధ్యుడు కాకుండా పోడు. తప్పు నడిపినవాడిది అని తేలితే చట్టం ఇద్దరి మీదా బాధ్యత పెడుతుంది, దెబ్బ తిన్నవాళ్లు ఎవరి దగ్గర నుంచైనా వసూలు చేసుకోవచ్చు. మామూలుగా ఆ డబ్బు కట్టేది కారు ఇన్సూరెన్సు కంపెనీ. థర్డ్ పార్టీ పాలసీ ఉంటే మనుషులకి తగిలిన దెబ్బలకి ఇంతే ఇస్తామన్న పరిమితి లేదు, ట్రిబ్యునల్ ఎంతంటే అంత కట్టాలి. మీ తమ్ముడికి లైసెన్సు ఉంది, ఓనరు ఇచ్చిన కారు, పాలసీ బతికుంటే ఈ కథలో ఎవరూ ఇల్లు అమ్ముకోవలసిన పని లేదు. అందుకే ఆయన ఆ కాగితం అడుగుతున్నారంటే నాకు వచ్చిన మొదటి అనుమానం, ఆ రోజుకి పాలసీ అయిపోయి ఉందేమో అని. ఈ రాత్రే ఫోన్లో ఎంపరివాహన్ యాప్ తెరిచి కారు నంబరు కొట్టి చూడండి, ఇన్సూరెన్సు ఏ తేదీ వరకు ఉందో కనిపిస్తుంది, ఆ స్క్రీన్ ఫోటో తీసి పెట్టుకోండి. పాలసీ లేకపోతే డబ్బు ఓనరు జేబులోంచి కట్టాలి, ఆ జేబు కాపాడుకోవడానికే మీ తమ్ముడిని ముందుకి తోస్తున్నారన్న మాట. ఇన్సూరెన్సు లేని బండి నడిపినవాడికీ, నడపమని ఇచ్చినవాడికీ ఇద్దరికీ జరిమానానో జైలో పడే నేరం కూడా ఉంది. మొదటిసారి జరిమానా 2,000, జైలైతే మూడు నెలల దాకా.

పాలసీ ఉండీ ఆయన కాగితం అడుగుతుంటే మాత్రం అది ఆయనకే నష్టం, ఈ ముక్క ఎవరైనా పెద్దమనిషితో ఆయనకి నెమ్మదిగా చెప్పించండి. “చెప్పకుండా కారు తీసుకెళ్లాడు” అని రాయించుకుంటే ఇన్సూరెన్సు కంపెనీ లాయరు దాన్ని పట్టుకుంటాడు, ఓనరు ఒప్పుకోలు లేని డ్రైవరు కాబట్టి మేం కట్టం అంటాడు. మేస్త్రి గారి డబ్బు ఆగుతుంది. ఆయన సొంత కారు రిపేరు క్లెయిము కూడా చిక్కుల్లో పడుతుంది. ఇక ఓనరు పోలీసులకి ఏం చెప్పారో అది వేరే. డ్రైవరు ఎవరో చెప్పమని బండి ఓనరుకి పోలీసులు నోటీసు ఇస్తారు, దానికి ఆయన అప్పుడే జవాబు ఇచ్చి ఉంటారు. 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన పద్ధతిలో ప్రమాదం తర్వాత డ్రైవరు ఒక ఫారం, ఓనరు ఒక ఫారం నింపి దర్యాప్తు అధికారికి ఇవ్వాలి, ఆ వివరాలు ట్రిబ్యునల్‌కి వెళ్తాయి. మీ తమ్ముడి చేత ఆ డ్రైవరు ఫారం నింపించారా, నింపితే అందులో ఏం రాశారు, అడగండి. స్టేషన్లో రైటరు గారు గబగబా రాసేసి సంతకం పెట్టమంటే చదవకుండా పెట్టే కుర్రాళ్లని చాలామందిని చూశాను. పెట్టకపోయి ఉంటే ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాయమనండి. ఓనరు కారు, ఓనరు తాళాలిచ్చారు, పార్సిల్ తెమ్మన్నారు, ఓనరు భార్య ఫోన్ చేసి పాపని తెమ్మన్నారు. ఇంతే, ఒక్క అబద్ధం వద్దు, మేస్త్రి గారిదే తప్పు అని లేనిది కలపొద్దు.

సాక్ష్యం సంగతి ఇప్పుడే చూసుకోవాలి. కొట్లో మిగతా ఐదుగురు “అవును, మా ముందే తాళాలిచ్చారు” అంటారని మీరు అనుకుంటారు, కానీ వాళ్లకీ జీతాలు కావాలి, రేపు కోర్టులో “గుర్తులేదు” అంటారు, వాళ్లని తప్పు పట్టలేం. కాబట్టి మాటలు మార్చని వస్తువులు పోగేయండి. మొదటిది కార్గో రసీదు. పార్సిల్ తీసుకున్నప్పుడు ఇచ్చే ఆ చిన్న కాగితం మీద తేదీ, టైము, ఎవరి పేరు మీద వచ్చిందో ఉంటుంది, కొట్టు పేరు ఉంటే మరీ మంచిది. అది ఆ రోజు వేసుకున్న చొక్కా జేబులో ఉండి, ఆ చొక్కా ఆసుపత్రిలో కత్తిరించి సంచిలో పెట్టి ఇచ్చి ఉంటారు. ఆ సంచి పారేయకండి, వెతకండి. దొరకకపోతే కార్గో కౌంటర్లో ఆ రోజు డెలివరీ వివరం అడగండి, అక్కడ మీ తమ్ముడు పెట్టిన సంతకం ఉంటుంది. రెండోది ఫోన్. ఓనరు భార్య ఫోన్ చేసిన టైము కాల్ లిస్టులో పాతదైపోయి పోకముందే స్క్రీన్‌షాట్ తీయండి. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ గానీ, ట్యూషన్ లొకేషన్ గానీ పంపి ఉంటే దాన్ని ఎవరికీ ఫార్వార్డ్ చేసి సరిపెట్టుకోకండి, అసలు ఫోన్‌నే జాగ్రత్త చేయండి, అమ్మేయకండి, రీసెట్ చేయకండి. కోర్టుకి ఇచ్చేటప్పుడు దాంతో పాటు ఒక సర్టిఫికెట్ జతచేయాలి, అది మీ లాయరు చూసుకుంటారు. మూడోది, అంతకుముందు కూడా ఓనరు ఆ కారు మీ తమ్ముడి చేతికి ఇచ్చేవారని చూపించేవి, పెట్రోలు కొట్టించమని పంపిన ఫోన్ పే డబ్బులు, “కారు తీసుకురా” అన్న మెసేజ్‌లు. ఇవి రెండు మూడు ఉంటే చాలు, చెప్పకుండా తీసుకెళ్లాడన్న మాట నిలబడదు.

ఇప్పుడు మీ తమ్ముడి చెయ్యి సంగతి, మీరు ఉత్తరంలో దీని గురించి ఒక్క లైనే రాశారు, వాడి తప్పు కాబట్టి వాడికేమీ రాదని మీరంతా అనుకున్నట్టున్నారు. అలా కాదమ్మా. ట్రిబ్యునల్‌లో అయితే తప్పు చేసిన డ్రైవరు తన తప్పుకి తానే పరిహారం అడగలేడు, నిజమే. కానీ ఉద్యోగుల పరిహార చట్టం అని 1923 నుంచి ఒకటి ఉంది. దాంట్లో తప్పెవరిది అన్న ప్రశ్నే రాదు, పని చేస్తుండగా పని వల్ల దెబ్బ తగిలితే యజమాని ఇవ్వాలి. తాగి ఉన్నా, భద్రత కోసం చెప్పిన మాట కావాలని ధిక్కరించినా తప్ప అజాగ్రత్త అన్న కారణంతో ఎగ్గొట్టడానికి వీల్లేదు. మన చేతిలో ఉన్న తేదీ అక్టోబరు, కాబట్టి ఆ పాత చట్టం ప్రకారమే వెళ్తుంది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది, ఆ తేదీ తర్వాత జరిగిన ప్రమాదాలకి అదీ. ఇది చదివే మిగతావాళ్లు తమ తేదీ చూసుకోవాలి. కొట్లో పది మంది ఉండి, జీతం 21 వేల లోపు ఉంటే ఇఎస్ఐ కిందికి వచ్చేవాడు, అప్పుడు అక్కడే తీసుకోవాలి. మీ దగ్గర ఆరుగురే అన్నారు కాబట్టి ఆ దారి లేదు.

లెక్క చూపిస్తాను, అంకెలు చూస్తే మీకు ధైర్యం వస్తుంది. చెయ్యి కట్టు కట్టుకుని పనికి వెళ్లలేని కాలానికి నెల జీతంలో నాలుగో వంతు చొప్పున పదిహేను రోజులకోసారి ఇవ్వాలి, 14 వేలకి 3,500, అంటే నెలకి 7,000. దెబ్బకి అయిన వైద్యం ఖర్చు బిల్లుల మీద వేరుగా ఇవ్వాలి, కాబట్టి మందుల చీటీల దగ్గర నుంచి అన్నీ ఒక ఫైల్లో పెట్టండి. మణికట్టు పూర్తిగా మునుపటిలా రాకపోతే, అంటే డాక్టరు పరీక్ష చేసి సంపాదన శక్తి ఇంత శాతం తగ్గిందని రాస్తే, దానికి ఏకమొత్తం వస్తుంది. జీతంలో 60 శాతం తీసుకుంటారు, 14 వేలకి 8,400. 25 ఏళ్ల వయసుకి చట్టంలో ఇచ్చిన గుణకం 216.91, రెండూ గుణిస్తే 18,22,044. ఇది పూర్తిగా పని చేయలేని స్థితికి. పది శాతం తగ్గింది అని తేలితే ఇందులో పదో వంతు, 1,82,204. పైపులు మోసి, మోటార్లు దింపే చేతికి పది శాతం చిన్న నష్టం కాదు. ఇవ్వాల్సిన నెలలోపు యజమాని ఇవ్వకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఆపితే అసలులో సగం దాకా పెనాల్టీ కూడా వేయొచ్చు.

“వాడు బిల్లులు రాసే గుమస్తా, ఆ చట్టం వాడికి రాదు, పైగా ట్యూషన్‌కి వెళ్లింది నా కొట్టు పని కాదు” అని ఓనరు లాయరు ఇక్కడ వాదిస్తాడు, ఇక్కడ మాత్రం ఆ వాదనకి కొంత బరువు ఉంది, మీకు అబద్ధం చెప్పను. దానికి మన జవాబు, చట్టంలో ఉద్యోగుల జాబితాలో యంత్రశక్తితో నడిచే వాహనం నడపడం, సరుకు ఎక్కించడం దించడం ఉన్నాయి, ఆ సాయంత్రం వీడు చేసింది అదే. పార్సిల్ ఇంకా కొట్టుకి చేరలేదు, పని పూర్తి కాలేదు. ఓనరు ఇంటి నుంచి వచ్చిన ఆజ్ఞని కొట్లో కుర్రాడు కాదనగలడా? ఇలాంటి చట్టాలని కోర్టులు ఉదారంగానే చదువుతాయి. 2025 జూలైలో సుప్రీంకోర్టు ముందుకి ఒక చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ కుటుంబం వచ్చింది. 2003లో తెల్లవారుజామున 3 గంటల డ్యూటీకి ఇంటి నుంచి వెళ్తుంటే ఫ్యాక్టరీకి 5 కిలోమీటర్ల దూరంలో ప్రమాదం జరిగి చనిపోయాడు. ఇంకా గేటు కూడా దాటలేదు, అయినా ఆ ప్రయాణానికీ ఉద్యోగానికీ సంబంధం ఉందని ఆ కుటుంబానికి పరిహారం ఇవ్వమన్నారు. ఇంటి నుంచి పనికి వస్తున్నవాడికే వచ్చిందంటే, ఓనరు కారులో ఓనరు పార్సిల్ పక్కన పెట్టుకుని వస్తున్నవాడి సంగతి చెప్పండి.

కారు పాలసీ కాగితం చేతికి వస్తే ప్రీమియం లెక్క రాసిన చోట వేలు పెట్టి చూడండి, “పెయిడ్ డ్రైవర్” అని ఒక లైను, దాని ఎదురుగా 50 రూపాయలు అని ఉంటుంది. అది ఉంటే జీతం మీద పనిచేసే డ్రైవరుకి దెబ్బ తగిలితే యజమాని ఇవ్వాల్సింది ఇన్సూరెన్సు కంపెనీ మీదికి వెళ్తుంది. ఆ లైను చూపిస్తే ఓనరు మనసు మారడం నేను ఒకటికి రెండుసార్లు చూశాను, ఎందుకంటే అప్పుడు మీ తమ్ముడు ఆయన మనిషే అని ఒప్పుకోవడం ఆయనకే లాభం. ఈ క్లెయిముకి రెండేళ్ల గడువుంది, కార్మిక శాఖ అధికారే కమిషనరుగా కూర్చుని వింటారు. ఈలోపు ప్రమాదం ఎప్పుడు, ఎక్కడ, ఏ పని మీద జరిగిందో రాసి ఓనరుకి ఒక నోటీసు పంపండి. “ఇరవై వేలు తీసుకుని ఏమీ అడగనని రాసివ్వు” అని పెద్దమనుషుల్లో కూర్చోబెడితే ఒప్పుకోకండి, ఈ చట్టం ఇచ్చిన హక్కుని వదులుకుంటానని రాసిచ్చిన ఒప్పందం చెల్లదు, రాజీ అయినా సరే కమిషనరు దగ్గర రిజిస్టరు కావాలి.

జీతంలో 60 వేలు కోస్తామన్న మాటకి జవాబు పెద్దది కాదు. తనంతట తాను లెక్కేసి కోసేయడానికి లేదు, కారణం చెప్పి వాడి జవాబు విని, చట్టం ఒప్పుకున్న మేరకే చేయాలి. కోస్తే ఆ నెల జీతం ఎంత పడిందో బ్యాంకు స్టేట్‌మెంటు పట్టుకుని అసిస్టెంట్ లేబర్ ఆఫీసరు దగ్గరికి వెళ్లండి.

పోలీసు కేసు విషయంలో మాత్రం ఎవరూ మీ తమ్ముడి పక్కన నిలబడరు. నిర్లక్ష్యంగా నడిపాడన్న నేరం నడిపినవాడిది, ఓనరు పంపాడు కాబట్టి ఆయన మీదికి పోదు. బెయిలు వచ్చే సెక్షన్లే ఉంటాయి, తీవ్ర గాయానికి మూడేళ్ల దాకా జైలు గానీ, 10,000 దాకా జరిమానా గానీ. “ఒప్పేసుకుంటే ఫైన్ కట్టి ఇవాళే వెళ్లిపోవచ్చు” అని కోర్టు దగ్గర ఎవరో ఒకరు చెప్తారు, టెన్షన్‌లో చాలామంది ఒప్పేసుకుంటారు. ఆ ఒప్పుకోలు తర్వాత ట్రిబ్యునల్‌లోనూ తిరిగి వస్తుంది, కాబట్టి లాయరుతో మాట్లాడకుండా ఒప్పుకోవద్దు. ఫీజుకి డబ్బు లేదని ఆగకండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరుని ఇస్తుంది, 15100కి ఫోన్ చేసినా చెప్తారు. స్త్రీలకైతే ఆదాయంతో సంబంధం లేకుండా ఇస్తారు, మీకు మీరు ఏదైనా అడగాలన్నా ఆ దారి ఉంది.

సొంత బండ్ల మీద కొట్టు పనికి వెళ్లే కుర్రాళ్లు ఇది చదువుతుంటే ఒక్క మాట. బండి మీ పేరు మీద ఉంటే ట్రిబ్యునల్‌లో ఓనరుగా ముందు మీ పేరే వస్తుంది, మీ పాలసీయే ముందు కట్టాలి. పంపిన యజమానిని కూడా చేర్చొచ్చు, కానీ పంపాడని నిరూపించే భారం మీ నెత్తిన పడుతుంది. అందుకని పాలసీ తేదీ దాటనివ్వకండి, 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ తీసేయమని ఏజెంటుకి చెప్పకండి, యజమాని నోటితో చెప్పిన పనికి “సరే సార్, బ్యాంకుకి బయల్దేరుతున్నా” అని ఒక మెసేజ్ పెట్టి వెళ్లండి.

అమ్మా, మీ ఉత్తరంలో ఉద్యోగం గురించి ఉంది, 60 వేల గురించి ఉంది. ఆ మేస్త్రి గారు ఇప్పుడు ఎలా ఉన్నారో లేదు. కాలికి రాడ్ వేస్తే తాపీ పని చేసే మనిషి నెలల తరబడి పరంజా ఎక్కలేడు, రోజు కూలీ అక్కడికక్కడ ఆగిపోతుంది. ఆయన ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేసుకోవడానికి ఆరు నెలలే గడువన్న నిబంధన 2022లో అమల్లోకి వచ్చింది, ప్రమాదం అక్టోబరులో జరిగింది కాబట్టి ఏప్రిల్‌లో అదే తేదీ దాటకుండా వేసేయాలి. ఆ నిబంధన మీద సుప్రీంకోర్టులో సవాళ్లు ఉన్నాయి, కానీ వాటిని నమ్ముకుని కూర్చోకూడదు. ఈ సంగతి ఆయనకి తెలిసి ఉండకపోవచ్చు. మీరు, మీ అమ్మగారు ఒకసారి వాళ్లింటికి వెళ్లండి, మీ తమ్ముడు కూడా వస్తానంటే తీసుకెళ్లండి. కేసు మాటలు, రాజీ మాటలు ఎత్తకుండా మనిషిని చూసి రండి. వచ్చేటప్పుడు కారు నంబరు, ఓనరు పేరు, ఇన్సూరెన్సు కంపెనీ పేరు, పాలసీ నంబరు ఒక కాగితం మీద రాసి ఆయన భార్య చేతికి ఇచ్చి, ఏప్రిల్‌లో ఆ తేదీలోపు వేయాలని చెప్పండి.